నాన్న పేరున ఉన్న ట్రాక్టరు

ఏలూరు జిల్లా మెట్ట ప్రాంతం నుంచి ఒక రైతు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వేయవద్దన్నారు. వయసు నలభై మూడేళ్ళు. ఐదెకరాల భూమి ఉంది. సగంలో పామాయిల్ తోట, సగంలో మొక్కజొన్న. 1997లో వాళ్ళ నాన్నగారు ఎద్దుల జతను అమ్మి, సహకార బ్యాంకులో అప్పు తీసుకుని, చిన్న ఐచర్ 242 ట్రాక్టరు కొన్నారు. ఒకే సిలిండరు, పాతిక హార్స్ పవర్ బండి. నాన్నగారు 2021 నుంచి మంచాన ఉండి పదహారు నెలల కిందట కాలం చేశారు. ట్రాక్టరు ఇప్పటికీ ఆయన పేరునే ఉంది. రిజిస్ట్రేషను గడువు 2022లో తీరిపోయింది. బీమా అంతకు ముందే ఆగిపోయింది. అప్పు 2004లోనే తీరినా ఆర్సీ పుస్తకంలో బ్యాంకు పేరు అలాగే ఉంది.

నిరుడు ఆ బండి మీద 68 వేలు ఖర్చయింది. అందులో 40 వేలు ఆయన భార్య డ్వాక్రా సంఘంలో అమ్మాయి కాలేజీ ఫీజు కోసం తీసుకున్న అప్పు. ఆ సంగతి టైర్లు వేయించి ఇంటికి వచ్చాకే ఆమెకు చెప్పారట. రెండు నెలలుగా ఇంట్లో మాటలు సరిగ్గా లేవు. ఇప్పుడు ఇంజను పది గంటలకు లీటరు నూనె తాగుతోంది, నీలిపొగ కక్కుతోంది, పొద్దున్నే ఓ పట్టాన స్టార్టు కావడం లేదు. మెకానిక్కు ఇంజను పనికి 52 వేలు అవుతుందన్నాడు. హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్న తమ్ముడు అమ్మేసి సగం తనకు ఇవ్వమంటున్నాడు. బ్రోకరు లక్ష ఇస్తానన్నాడు. కొత్త చిన్న ట్రాక్టరు తీసుకుంటే పాతదానికి 80 వేలు కట్టుకుంటామని డీలరు ఆశ పెడుతున్నాడు. అమ్మ మాత్రం ససేమిరా అంటోంది. ఆ శబ్దం వినపడితే మీ నాన్న పొలం నుంచి వస్తున్నట్టే ఉంటుందని ఆమె మాట.

ఉత్తరం చివర ఆయన ఇలా రాశారు: "అమ్మితే నాన్నను అమ్ముకున్నట్టు ఉంటుంది. ఉంచితే భార్యాబిడ్డలను ముంచినట్టు ఉంటుంది. ఏం చేయమంటారు?"

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఉంచాలా, అమ్మాలా అని మీరు అడిగారు. దానికి వస్తాను. ముందు మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. పామాయిల్ గెలలు కోసేవాళ్ళను పొద్దున్నే ట్రాక్టరు వెనక తగిలించే ట్రక్కులో ఎక్కించుకుని తోటకు తీసుకెళ్తున్నాననీ, సాయంత్రం గెలల మీద కూర్చోబెట్టి తీసుకొస్తున్నాననీ రాశారు. ఇది ఈ రోజే ఆపండి. మిగిలిన నిర్ణయాలకు నెల పట్టినా ఫరవాలేదు, దీనికి ఒక్క రోజు కూడా వద్దు. 2018లో నల్గొండ జిల్లాలోనూ, యాదాద్రి భువనగిరి జిల్లాలోనూ కూలీలతో వెళ్తున్న ట్రాక్టర్లు రెండున్నర నెలల తేడాలో రెండు కాలువల్లో పడ్డాయి. ఇరవై మందికి పైగా పోయారు. దాదాపు అందరూ పొలం పనికి వెళ్తున్న ఆడవాళ్ళే. తోలేవాళ్ళకు ఆ దారులు కొత్తవని నేను అనుకోను. మీకు మీ కాలువ గట్టు ఎంత తెలుసో వాళ్ళకూ అంతే తెలిసి ఉంటుంది.

మీ విషయంలో ఇంకో చిక్కు ఉంది. బీమా లేని బండి వల్ల ఎవరికైనా ప్రాణాపాయం జరిగితే పరిహారం యజమాని కట్టాలి. మీ బండి యజమాని కాగితాల ప్రకారం మీ నాన్నగారు. ఆయన లేరు కాబట్టి ఆ బరువు ఆయన వదిలి వెళ్ళిన ఆస్తి మీదకు, వారసుల మీదకు వస్తుంది. అంటే మీతో పాటు మీ అమ్మగారు, హైదరాబాదులో ఉన్న తమ్ముడు, అందరూ కోర్టు మెట్లెక్కాలి. బీమా చేయించినా ట్రక్కులో మనుషులను ఎక్కిస్తే కంపెనీ అడ్డం తిరుగుతుంది. అది సరుకు కోసం చేసిన బండి. కోత మనుషులకు ఆటో పెట్టండి. ఆ ఖర్చు తోట ఖర్చుల్లో రాసుకోండి.

ఇక కాగితాలు. అమ్మినా, ఉంచినా, కొత్తదానికి మార్చుకున్నా ఇవి తప్పవు. అందుకే దేనికంటే ముందు వీటిని పట్టుకోమంటున్నాను. యజమాని చనిపోతే ముప్పై రోజుల్లో రవాణా శాఖ కార్యాలయానికి తెలియజేసి, మూడు నెలల్లోగా ఫారం 31 పెట్టి వారసుడి పేరుకు మార్పించుకోవాలి. మీకు ఆ గడువు ఎప్పుడో దాటింది. ఆలస్యానికి డబ్బు కట్టవలసి వస్తుంది గానీ దారి మూసుకుపోలేదు. మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, మిగిలిన వారసులు తమకు అభ్యంతరం లేదని రాసిచ్చే కాగితాలు సిద్ధం చేసుకోండి. బ్యాంకుకు వెళ్ళి బాకీ లేదన్న పత్రంతో పాటు ఫారం 35 మీద సంతకం, ముద్ర వేయించుకోండి. ఆ బ్యాంకు పేరు పోతేనే బండి అమ్మకానికి పనికొస్తుంది. వ్యవసాయ ట్రాక్టరుకు మొదటి రిజిస్ట్రేషను 15 ఏళ్ళు నడుస్తుంది, తరవాత ఐదేళ్ళకోసారి పునరుద్ధరించుకోవాలి. దానికి ఫారం 25. బండిని తీసుకెళ్ళి చూపించాలి కాబట్టి లైట్లు, బ్రేకులు, హారను ముందే సరిచేయించండి. ట్రక్కుకు కూడా విడిగా రిజిస్ట్రేషను, బీమాలో చోటు ఉండాలి. మీ ఉత్తరంలో ట్రక్కు కాగితాల ఊసే లేదు కాబట్టి దానికి నంబరే లేదేమోనని నా అనుమానం.

ఈ పని మీద తిరుగుతున్నప్పుడే మీ తమ్ముడి సంగతి తేలుతుంది. అతను సగం అడుగుతున్నాడు, మీరు సగం ఇవ్వలేక బాధపడుతున్నారు. ఇద్దరూ లెక్క తప్పారు. మీ నాన్నగారు సంపాదించి కొన్న వస్తువు ఇది. వీలునామా లేదన్నారు. అలాంటప్పుడు 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ అమ్మగారికి, మీకు, మీ తమ్ముడికి, భీమవరంలో ఉన్న మీ అక్కకు సమాన వాటాలు. "అక్కకు ఇవేవీ పట్టవు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు మీరు. ఆమెను అడిగారా? లక్షలో నాలుగో వంతు పాతిక వేలు. పంచే ముందు ఆ లక్షలోంచి మీరు సొంత డబ్బుతో వేయించిన టైర్లు, బ్యాటరీ విలువ తీసేయాలి. అన్నదమ్ములు ఏడాదిగా ముఖాలు చాటేస్తున్నది ఇరవై వేల దగ్గర ఉండే మొత్తం కోసం. ఆ అంకె తమ్ముడి ముందు పెట్టండి. బండి ఉంచుకోవాలనుకుంటే అతని వాటా, అక్క వాటా రెండు పంటల్లో ఇస్తానని కాగితం రాసివ్వండి. అమ్మగారు తన వాటా ఏం చేసుకుంటారో ఆమె ఇష్టం. బండి నాన్నగారి పేరున ఉన్నంత కాలం ప్రమాదం జరిగితే అతనూ ఇరుక్కుంటాడన్న సంగతి కూడా చెప్పండి. బెదిరించడానికి కాదు. అతనికి ఈ విషయం తెలియదని నాకు అనిపిస్తోంది.

ఇప్పుడు డబ్బు. 68 వేలు అనే అంకె మీ ఇంట్లో అగ్గి పెట్టింది. మీరు పంపిన వివరాలు విడదీసి చూశాను. వెనక టైర్ల జతకు 34 వేలు, బ్యాటరీకి 7 వేలు. ఈ టైర్లు మీ వాడకానికి ఆరేడేళ్ళు వస్తాయి, బ్యాటరీ మూడేళ్ళు దాటుతుంది. అంటే ఆ 41 వేలలో నిరుటి ఏడాదికి చెందింది ఏడు వేలే. డీజిల్ పంపు, క్లచ్ ప్లేటు, పనిముట్లను ఎత్తే హైడ్రాలిక్ పని కలిపి 27 వేలు. నిరుటి అసలు ఖర్చు 34 వేలన్న మాట. మీరు పక్క తోటల్లో 90 గంటలు కిరాయికి తోలారు, గంటకు 900 చొప్పున 81 వేలు వచ్చింది. గంటకు మూడు లీటర్ల చొప్పున డీజిల్ తీసేస్తే చేతిలో 55 వేలు. మీ సొంత దుక్కికి 40 గంటలు, గెలల మోతకు ముప్పై ట్రిప్పులు. ఇవే బయటి బండితో చేయించుకుంటే మీ ఊరి ధరల్లో 51 వేలు అవుతుంది, మీ బండితో డీజిలు 17, 18 వేలు. ఈ లెక్కలో బండి మిమ్మల్ని ముంచలేదు. అయితే కిరాయి తీసేసి చూస్తే, సొంత పనికి మాత్రమే దీన్ని ఉంచుకోవడం లాభమూ కాదు, నష్టమూ కాదు. మీ ఊళ్ళోకి ఈ ఏడాది రెండు కొత్త ట్రాక్టర్లు వచ్చాయని రాశారు. ఆ 90 గంటలు వచ్చే ఏడాది 50 అయితే ఏం చేస్తారో ఆలోచించుకోవాలి.

మీ ఇంటావిడ కోపం ట్రాక్టరు మీద అని మీరు అనుకుంటున్నారు. పిల్ల ఫీజు డబ్బు తీసి, టైర్లు బిగించాక చెప్పారు. ఆమె స్థానంలో ఎవరున్నా మాట్లాడరు. సంఘంలో వాయిదా కట్టలేకపోతే పదిమంది ముందు తలవంచుకోవలసింది ఆమే. పై లెక్క ఆమెను ఓడించడానికి వాడకండి. ముందు తప్పు ఒప్పుకోండి, వచ్చే కిరాయి డబ్బుల్లో డ్వాక్రా వాయిదా మొదట తీసి పక్కన పెట్టండి. తరవాత ఒక నోటు పుస్తకం ఆమె చేతికే ఇవ్వండి. ఏ రోజు ఎవరి పొలంలో ఎన్ని గంటలు, ఎంత డీజిలు, ఎంత నూనె, ఎంత వచ్చింది, ఎంత బాకీ. మగవాళ్ళం కిరాయి బాకీలు అడగడానికి మొహమాటపడతాం, ఆడవాళ్ళు పుస్తకం చూసి వసూలు చేస్తారు. ఇది మా ఇంట్లో నేను చూసిన మాట.

ఇక బండి ఆరోగ్యం. పాతికేళ్ళకు పైగా పనిచేసిన ఇంజను అరగడం సహజం. అందులో బండి తప్పేమీ లేదు. మీది గాలితో చల్లబడే ఇంజను. రేడియేటరు, నీళ్ళు, గొట్టాలు లేకపోవడం దాని సుగుణం. కానీ నీళ్ళ ఇంజను వేడెక్కితే ఆవిరి కక్కి చెబుతుంది, గాలి ఇంజను చెప్పదు. సిలిండరు చుట్టూ దువ్వెన పళ్ళలాగా సన్నటి రెక్కలు ఉంటాయి కదా, వాటి మధ్య నుంచి గాలి వెళ్తేనే అది చల్లబడుతుంది. పైనుంచి కారిన నూనె, మొక్కజొన్న పొట్టు, ఎర్రమట్టి దుమ్ము కలిసి ఆ సందుల్లో నల్లగా గట్టిపడి పెచ్చు కడతాయి. బయట రేకు కప్పి ఉంటుంది కాబట్టి కంటికి కనపడదు. లోపల సిలిండరు కాగిపోయి, నూనె పలచబడి, పిస్టను రింగులు పట్టు తప్పుతాయి. రేకు విప్పించి, చల్లటి ఇంజను మీద వెదురు పుల్లతో, డీజిలు ముంచిన బ్రష్షుతో ఆ సందులన్నీ శుభ్రం చేయించండి. ఎన్నేళ్ళయింది ఈ పని చేసి?

ఇంజనుకు వెళ్ళే గాలిని వడకట్టే ఎయిర్ క్లీనరు కింద నూనె గిన్నె కూడా విప్పండి. మా ఇంట్లో పాత బండి నల్లపొగ కక్కుతుంటే ముగ్గురు మెకానిక్కులు ఇంజను విప్పాల్సిందే అన్నారు. నాలుగోవాడు, ఇరవై ఏళ్ళ కుర్రాడు, గిన్నె ఊడదీసి నేల మీద బోర్లించాడు. నూనె జారలేదు. హల్వా ముక్కలాగా బురద ముద్ద పడింది. కడిగి, గుర్తు దాకా కొత్త నూనె పోశాడు, పొగ ఆగింది. మీది నీలిపొగ కాబట్టి అంత తేలిగ్గా పోతుందని నేను ఆశ పెట్టను. నీలిపొగ అంటే నూనె మండుతోందని అర్థం. పది గంటలకు మీ బండి ముప్పై లీటర్ల డీజిలు తాగితే లీటరు నూనె పోతోంది. నూరు లీటర్ల డీజిలుకు లీటరు నూనె దాటితేనే ఇంజను పని దగ్గరపడిందని లెక్క. మీది మూడింతలు దాటింది.

అయినా 52 వేలకు తల ఊపే ముందు మూడు పరీక్షలు చేయండి. ఇంజను బాగా వేడెక్కాక, నడుస్తుండగా నూనె పోసే టోపీ జాగ్రత్తగా తీసి చూడండి. అక్కడి నుంచి పొగ గుప్పుగుప్పుమని తన్నుకొస్తే రింగులు, పిస్టను ఆడే బ్యారెల్ అరిగినట్టు. అక్కడ పెద్దగా లేకుండా సైలెన్సరులోనే నీలిపొగ ఉంటే తప్పు వాల్వుల దగ్గర ఉండే అవకాశం ఎక్కువ, ఆ పని చిన్నది. రెండోది, దుక్కి దున్నే కల్టివేటరు ఎత్తి ఇంజను ఆపండి. మీరు టీ తాగి వచ్చేసరికి అది నేల మీద వాలిపోయి ఉంటే, నిరుడు చేయించిన హైడ్రాలిక్ పని పూర్తిగా కాలేదు. ఎత్తిన పనిముట్టు కింద మాత్రం చేయి, కాలు పెట్టకండి. మూడోది, బరువుతో ప్రతి గేరులోనూ నడిపి శబ్దం వినండి, ఏ గేరైనా తనంతట తాను జారిపోతోందేమో చూడండి. ఇంజను ఒక్కటే అరిగితే బాగు చేయించుకోవచ్చు. ఇంజనూ గేరుబాక్సూ రెండూ పోతుంటే దాని వెంట పడకండి.

మెకానిక్కు చెప్పిన 52 వేలు కాగితం మీద విడివిడిగా రాయించుకోండి: బ్యారెల్, పిస్టను, రింగులు, బేరింగులు, క్రాంకు గ్రైండింగు, వాల్వులు, నాజిలు, కూలి. మీది ఒకే సిలిండరు. మూడు సిలిండర్ల ఇంజనుకు మూడేసి కొనేవన్నీ మీకు ఒక్కొక్కటే. పంపు పని నిరుడే అయింది కదా, మళ్ళీ రాస్తే ఎందుకో అడగండి. ఇంకో షెడ్డులో కూడా రాయించుకుని పోల్చండి. విడిభాగాలు దొరకవన్న భయం వద్దు. 1959లో ఫరీదాబాదులో జర్మనీ కంపెనీ తోడ్పాటుతో మొదలైన ఐచర్ ట్రాక్టర్లు 2005లో చెన్నైలోని టాఫే కంపెనీ చేతికి వెళ్ళినా ఆ పేరుతో తయారవుతూనే ఉన్నాయి.

పరీక్షల్లో ఇంజను ఒక్కటే అరిగిందని తేలి, తమ్ముడూ అక్కా సంతకాలు పెడితే, పని చేయించి ఉంచుకోవడం మీ దారుల్లో ఒకటి. నాకు మొగ్గు ఇటే ఉంది. కారణం మీ నాన్నగారి జ్ఞాపకం కాదు, మీ పామాయిల్ తోట. కోసిన గెలలు 24 గంటల్లో ఫ్యాక్టరీకి చేరకపోతే నూనెలో ఆమ్లం పెరిగి నాణ్యత పడిపోతుంది. పది పన్నెండు రోజులకోసారి, కోత రోజునే, మీ పది గెలల కోసం బయటి ట్రాక్టరు దొరకడం కష్టం. చెట్ల వరసల మధ్య తిరగడానికి చిన్న బండే అనువు. కానీ ఈ దారిలో ఖర్చు ముందే ఉంటుంది, రాబడి తరవాత ఉంటుంది. 52 వేలు మళ్ళీ అప్పు తెచ్చి చేయించేటట్టయితే నా మొగ్గు వెనక్కి తీసుకుంటాను. మొక్కజొన్న డబ్బు చేతికి వచ్చేదాకా ఆగండి. అప్పటిదాకా బరువు పనులు మానేసి గెలల మోతకే వాడండి, రోజూ నూనె పుల్ల తీసి చూడండి.

అమ్మేయడం రెండో దారి. అమ్మితే సిగ్గుపడవలసింది ఏమీ లేదు. కాగితాలు సరిచేసి అమ్మితే బ్రోకరు మాట కంటే ఎక్కువే రావచ్చు, ఇప్పుడున్నట్టు అమ్మితే మాత్రం తెగనమ్ముకోవడమే. పైగా పేరు మారకుండా అమ్మితే రేపు అది ఎక్కడ ప్రమాదం చేసినా నోటీసు మీ ఇంటికి వస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కు తగ్గింది. కొత్తవి చవకయితే పాతవాటి ధర కూడా దిగుతుంది, కాబట్టి అమ్మాలని తేల్చుకుంటే సాగదీయకండి. అమ్మాక గెలల మోతకు పక్క తోటవాళ్ళతో ఏడాదికి ఒప్పందం ముందే కుదుర్చుకోవాలి.

డీలరు చూపించే కొత్త బండి గురించి ఎక్కువ చెప్పను. పాతదానికి 80 వేలు పోను మూడున్నర లక్షలు అప్పు అన్నారు. 12 శాతం వడ్డీకి ఐదేళ్ళలో, ఆరు నెలలకోసారి కట్టేటట్టు లెక్క వేస్తే ఒక్కో వాయిదా 47,500 చిల్లర. ఏడాదికి 95 వేలు. మీ కిరాయి మిగులు 55 వేలు. కొత్త బండితో ఏడాదికి కనీసం 160 గంటలు కిరాయికి తిప్పగలనన్న నమ్మకం ఉంటే, ఆ పనులిచ్చే రైతుల పేర్లు కాగితం మీద రాయగలిగితే, అప్పుడు ఆలోచించండి. పేర్లు రాయలేకపోతే వద్దు.

అమ్మగారి సంగతి చివరికి ఉంచాను. ఆమె బండి అమ్మవద్దంటున్నది శబ్దం కోసమేనని మీరు అనుకుంటున్నారు. భర్త పోయిన ఇంట్లో పెద్ద కొడుకూ చిన్న కొడుకూ మాట్లాడుకోవడం మానేశారు. ట్రాక్టరు అమ్మితే తరవాత పొలం పంచమంటారేమో అని ఆమెకు భయం ఉండవచ్చు. నేను పొరబడి ఉండవచ్చు. ఒక సాయంత్రం అరుగు మీద ఆమె పక్కన కూర్చుని, నీకు ఏమని ఉంది అమ్మా అని అడిగి, ఆమె చెప్పేదాకా ఊరుకోండి. బండి ఉంచినా అమ్మినా ఇద్దరు కొడుకులూ కలిసి వచ్చి చెబితే ఆమె వినే తీరు వేరుగా ఉంటుంది.

రేపు ఆదివారం రేకు విప్పించండి. సోమవారం బ్యాంకుకు వెళ్ళండి. ఈ రెంటికంటే ముందు, ఈ రాత్రికే భీమవరానికి ఫోను చేసి అక్కతో మాట్లాడండి. నూనె టోపీ దగ్గర ఏం కనిపించిందో, ఆమె ఏమన్నదో రెండూ నాకు రాయండి.